జానే భీ దో యారో: కొత్తగా చూసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సినిమా చూడమని ఎవరికి చెప్పినా ముందు ఓ పది ప్రశ్నలు వేస్తారు. చూశాక ఫోన్ చేసి ఇంకో పది వేస్తారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ముగింపు గురించి మాట్లాడేచోట ముందే హెచ్చరించాను. చూడనివాళ్ళు అక్కడ కళ్ళు మూసుకుని దాటేయండి.

అసలేంటీ సినిమా?

1983 ఆగస్టు 12న విడుదలైన హిందీ కామెడీ. దర్శకుడు కుందన్ షా, ఆయనకి ఇదే మొదటి సినిమా. బొంబాయిలో బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్, పత్రికా సంపాదకురాలు కలిసి ఊరిని ఎలా పంచుకు తింటారో చెప్పే కథ. డబ్బు పెట్టింది జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ, ఎన్‌ఎఫ్‌డీసీ. ప్రభుత్వ సంస్థ డబ్బుతోనే ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జరిగే మేతని ఉతికి ఆరేశారన్నమాట. ఇప్పుడు ఇలాంటి ఫైలు ఏ ఆఫీసులోనైనా రెండో బల్ల దాటుతుందా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

టైటిల్‌కి తెలుగులో ఏమంటాం?

"పోనివ్వండ్రా." ఇంకాస్త ఇంటి భాషలో చెప్పాలంటే "పోన్లెద్దూ".

చాలామంది దీన్ని సరదా టైటిల్ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, మా వీధిలో సిమెంటు రోడ్డు పడేదాకా. రాత్రి పదింటికి మొదలుపెట్టారు పని. ట్యూబ్‌లైటు ఒకటి కర్రకి కట్టి, దాని వెలుతుర్లో మిల్లర్ తిప్పుతున్నారు. పక్కింటి మాస్టారు నిద్రపట్టక అరుగు మీద కూర్చుని, బస్తా సిమెంటుకి ఎన్ని తట్టల ఇసుక పడుతోందో వేళ్ళ మీద లెక్కపెట్టారు. పొద్దున్నే నాకు ఆ లెక్క చెప్పి, "ఇది రోడ్డు కాదు, అప్పడం" అన్నారు. తర్వాత మడులు కట్టి నీళ్ళు పెట్టినవాడూ లేడు. మొదటి వానకే అంచులు రాలాయి, రెండో వానకి కంకర తేలింది. ఈలోపు పని కొలతలు రాసే ఎం.బుక్కులో లెక్కలు ఎక్కాయి, బిల్లు పాసయింది, కాంట్రాక్టరు ఫోను మార్చేశాడు. మాస్టారు ఫిర్యాదు రాద్దామన్నారు. నేనేమన్నానో తెలుసా? "పోన్లెండి మాస్టారూ, ఎందుకొచ్చిన గొడవ."

ఆ తర్వాత మళ్ళీ ఈ సినిమా చూసినప్పుడు, టైటిల్ నన్నే పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.

కథ క్లుప్తంగా చెప్పండి, ముగింపు చెప్పకుండా.

వినోద్, సుధీర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బొంబాయిలో ఒక ఫొటో స్టూడియో తెరుస్తారు. రిబ్బను, పూలదండలు అన్నీ ఉంటాయి, గిరాకీ ఒక్కటే ఉండదు. అలాంటి సమయంలో 'ఖబర్దార్' పత్రిక సంపాదకురాలు శోభ వాళ్ళకి ఒక పని అప్పగిస్తుంది. బిల్డర్ తర్నేజా, మున్సిపల్ కమిషనర్ డిమెల్లో చాటుమాటుగా కలుస్తున్నారు, వాళ్ళ ఫొటోలు తియ్యాలి. ఆ పని మీద తిరుగుతుంటే అహుజా అనే ఇంకో బిల్డరు కూడా అదే కమిషనర్ చుట్టూ తిరుగుతున్నాడని తెలుస్తుంది. ఫ్లైఓవర్ల కాంట్రాక్టులు ఒకరికి దక్కితే ఇంకొకరికి కడుపుమంట.

ఇంతలో వీళ్ళిద్దరూ ఒక ఫొటో పోటీలో డబ్బు గెలుద్దామని ఊరంతా తిరిగి ఫొటోలు తీస్తారు. వాటిల్లో ఒకదాన్ని కడిగి చూస్తే, వెనక ఎక్కడో ఒక మనిషి ఇంకో మనిషిని కాలుస్తున్నట్టు కనబడుతుంది. దాన్ని పెద్దది చేస్తారు, ఇంకా పెద్దది చేస్తారు. కాల్చినవాడు తర్నేజా. చచ్చినవాడు కమిషనర్. ఇక అక్కణ్ణించి కథంతా ఒక శవం చుట్టూ తిరుగుతుంది. అది దొరకడం, పోవడం, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారడం. బతికుండగా ఎంతమంది ఆ కమిషనర్ చుట్టూ తిరిగారో, చచ్చాక అంతకంటే ఎక్కువమంది తిరుగుతారు.

హిందీ అంతంతమాత్రం వచ్చినా అర్థమవుతుందా?

అవుతుంది. సగం నవ్వు మాటల్లో కాదు, మనుషుల కాళ్ళూ చేతుల్లో ఉంది. కానీ మహాభారతం సీనుకి మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అక్కడ పౌరాణిక నాటకాల గంభీరమైన హిందీలోకి ఉన్నట్టుండి వ్యాపారం మాటలు వచ్చి పడతాయి. ఆ తేడా చెవికి తగిలితేనే పూర్తి మజా.

అందరూ చెప్పే ఆ కేకు సీనులో ఏముంది?

కమిషనర్ డిమెల్లో కేకు తింటూ, అమెరికా వెళ్ళొచ్చిన గొప్ప చెప్పుకుంటాడు. అక్కడి జనం మనలా కాదట, కాస్త తిని మిగతాది పారేస్తారట. చెబుతూనే ముక్క కొరికి, మిగిలింది విసిరేస్తుంటాడు. అంతే సీను. ఇందులో జోకేముందని మా తమ్ముడు అడిగాడు.

విసిరే ఆ చెయ్యి చూడాలి. ఏ సందేహమూ లేని చెయ్యి అది. కేకు తనది కాదు, ఇల్లు తనది కాదు, తినిపిస్తున్నవాడికి తనతో పని ఉంది. ఊరి డబ్బు పెద్దల చేతుల్లో ఎలా పోతుందో చెప్పడానికి ఇంకో రచయితయితే రెండు పేజీల ఉపన్యాసం రాసేవాడు. ఇక్కడ ఒక కేకు ముక్కతో పనైపోయింది. లంచం అనే మాటే రాదు.

ఫ్లైఓవర్లు, సిమెంటు గొడవే ఎందుకు ఎంచుకున్నారు?

అప్పటి బొంబాయిలో ఉండుంటే ఈ ప్రశ్న అడగరు. ఆ రోజుల్లో సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ ఉండేది. ఇల్లు కట్టుకోవాలన్నా పర్మిట్ కావాలి, కోటా కావాలి. ఇక్కడ మన పెద్దవాళ్ళకీ గుర్తుండే ఉంటుంది, పెళ్ళి సంబంధం కుదరడం కంటే పది బస్తాల సిమెంటు దొరకడం కష్టంగా ఉండేదని. బిల్డర్లకి సిమెంటు కేటాయించడానికీ, ట్రస్టులకి విరాళాలు తీసుకోవడానికీ ముడిపెట్టారన్న వ్యవహారంలో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చాక మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే 1982 జనవరిలో రాజీనామా చేశారు. కొన్నాళ్ళకే కేంద్రం సిమెంటు మీద నియంత్రణని పాక్షికంగా సడలించింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఈ సినిమా వచ్చింది.

సినిమాలో ఏ నాయకుడి పేరూ లేదు, ఏ పార్టీ జెండా లేదు. తర్నేజాలో ఫలానా ఆయన ఉన్నాడని నేను అనను. కానీ 1983లో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి "బిల్డరు, సిమెంటు" అనే రెండు మాటలు వినబడగానే మిగతాది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌తో ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి. కుందన్ షా పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. అక్కడ ఆయనతోపాటు చదివిన ఇద్దరు మిత్రులు చదువయ్యాక హైదరాబాద్‌లో ఫొటో స్టూడియో పెట్టారు. దాన్ని నడపడానికి వాళ్ళు పడ్డ పాట్లు విన్నాక కుందన్ షాకి ఈ కథకి బీజం దొరికింది. ఆ స్టూడియోని బొంబాయికి మార్చి, వాళ్ళ మెడకి ఒక హత్యని తగిలించారు.

అందుకే సినిమా మొదట్లో స్టూడియో తెరిచి, బట్టలు సర్దుకుని, రాని గిరాకీ కోసం గుమ్మం వైపు చూసే ఆ ఇద్దర్నీ చూస్తే నాకు బొంబాయి గుర్తురాదు. పెళ్ళిళ్ళ సీజను లేని నెలల్లో, గాజు బీరువాలో పాత పెళ్ళికూతుళ్ళ ఫొటోలు తుడుచుకుంటూ కూర్చునే మన ఫొటో స్టూడియోలవాళ్ళే గుర్తొస్తారు.

ఎవరెవరు నటించారు?

వినోద్‌గా నసీరుద్దీన్ షా, సుధీర్‌గా రవి బాస్వానీ. తర్నేజా పంకజ్ కపూర్, అహుజా ఓం పురి, శోభ పాత్రలో మరాఠీ రంగస్థలం నుంచి వచ్చిన భక్తి బర్వే. తర్నేజా సహాయకుడు అశోక్‌గా సతీష్ కౌశిక్. ఈయనే రంజిత్ కపూర్‌తో కలిసి మాటలు కూడా రాశారు. తర్వాత దర్శకుడై మన 'పవిత్ర బంధం', 'పెళ్ళి చేసుకుందాం' సినిమాలని హిందీలో తీసిందీ ఈయనే. నీనా గుప్తా కూడా ఉన్నారు. సంగీతం వన్‌రాజ్ భాటియా, కెమెరా బినోద్ ప్రధాన్, ఎడిటింగ్ రేణు సలూజా.

హీరోల పూర్తి పేర్లు గమనించారా? వినోద్ చోప్రా, సుధీర్ మిశ్రా. ఇద్దరూ నిజం మనుషులే, ఇదే సినిమాకి తెర వెనక పనిచేసినవాళ్ళు. విధు వినోద్ చోప్రా ప్రొడక్షన్ వ్యవహారాలు చూసుకున్నారు, సుధీర్ మిశ్రా రచనలోనూ దర్శకత్వంలోనూ సాయం చేశారు. తర్వాత ఇద్దరూ పేరున్న దర్శకులయ్యారు.

ఎంత ఖర్చయింది?

ఏడు లక్షల లోపే. ఆ రోజుల లెక్కన కూడా అది చాలా తక్కువ. నసీరుద్దీన్ షా చేతిలో కనబడే కెమెరా ఆయన సొంతది. షూటింగులో దాన్ని ఎవరో కొట్టేశారు. దొంగతనాల మీద తీసే సినిమాలో దొంగతనం జరగడం అదో శాస్త్రం.

మహాభారతం సీనులో దుశ్శాసనుడిగా గంతులేసేది ఎవరనుకున్నారు? ప్రొడక్షన్ చూసుకునే విధు వినోద్ చోప్రానే. చేతిలో డబ్బు లేకపోతే లెక్కలు రాసేవాడే గద పట్టుకోవాలి మరి.

శవంగా చేసింది ఎవరు?

సతీష్ షా. నా దృష్టిలో ఈ సినిమాకి అసలు హీరో ఆయనే. బతికున్న డిమెల్లోగా కనబడేది కాసేపే. మిగతా సినిమాలో శవంగా కుర్చీల్లో కూర్చుంటాడు, శవపేటికలో పడుకుంటాడు, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని రోడ్డు మీద జారతాడు, చీర కట్టుకుంటాడు. ఇంతమంది మీద పడి లాగుతున్నా ఆ ముఖంలో అదే నిర్లిప్తత, ఫైలు మీద సంతకం పెట్టకుండా ఆపేసిన ఆఫీసరు నిర్లిప్తత.

శవాన్ని నవ్వించేలా చూపించడం తేలికనుకోకండి. చుట్టూ ఉన్నవాళ్ళంతా అరుస్తూ గంతులేస్తుంటే నటుడు కనురెప్ప ఆర్పకూడదు. ఆయన 2025 అక్టోబర్‌లో కన్నుమూశారు. వార్త చదివిన సాయంత్రం మా ఇంట్లో మళ్ళీ ఈ సినిమానే పెట్టుకున్నాం.

తాగి కారనుకునే సీను ఏంటి?

ఓం పురి అభిమానులు ఈ ఒక్క సీను కోసమే సినిమా చూస్తారు. రాత్రిపూట పీకలదాకా తాగిన అహుజాకి రోడ్డు పక్కన శవపేటిక కనబడుతుంది. లోపల డిమెల్లో. అహుజా కళ్ళకి అదో చెడిపోయిన కారు, లోపల నోరు విప్పని పెద్దమనిషి. పలకరిస్తాడు, జాలిపడతాడు, కోప్పడతాడు, చివరికి సాటి మనిషికి సాయం చేద్దామని దాన్ని తన కారుకి కట్టుకుని లాక్కుపోతాడు. సినిమా మొత్తంలో ఆ బిల్డరు చేసిన మంచి పని అదొక్కటే, అదీ మత్తులో.

ఫోన్ సీను గురించి?

ఒకే గదిలో రెండు ఫోన్లు. అశోక్, వినోద్ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, ఆ గదిలోనే. ఎదుటివాడు ఎక్కడో దూరంగా ఉన్నాడనుకుంటూ అరుస్తారు, తీగలు చుట్టుకుపోతాయి. సెల్‌ఫోన్లతో పెరిగిన మా అబ్బాయికి "ఫోనుకి తీగ ఎందుకుంది" అన్నది మొదటి ప్రశ్న. అది దాటాక మాత్రం వాడే ఎక్కువ నవ్వాడు.

ఇంకో చిన్న చమత్కారం. ఒకరినొకరు గుర్తుపట్టడానికి వాడే రహస్య సంకేతం, అప్పటికి మూడేళ్ళ కిందట నసీరుద్దీన్ షా నటించిన 'ఆల్బర్ట్ పింటో కో గుస్సా క్యోం ఆతా హై' సినిమా పేరు.

ఆంటోనియోని పార్కు అనేది నిజంగా బొంబాయిలో ఉందా?

లేదు. ఇటలీ దర్శకుడు మైకెలాంజెలో ఆంటోనియోని 1966లో తీసిన 'బ్లో-అప్'లో ఒక ఫొటోగ్రాఫరు పార్కులో తీసిన బొమ్మని పెద్దది చేసుకుంటూ పోతే హత్య జాడ కనబడుతుంది. ఆ ఆలోచన అక్కడిదని దాచుకోకుండా పార్కుకి ఆయన పేరే పెట్టేశారు. కాపీ కొట్టి కాలరెగరేసేవాళ్ళ మధ్య ఇదో మర్యాద.

మహాభారతం సీనుని అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

దీనికి కాస్త తీరిగ్గా జవాబివ్వాలి.

శవాన్ని పట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు పరిగెడుతుంటారు. వెనక తర్నేజా, అహుజా, శోభ, వాళ్ళ మనుషులు. అందరికీ శవం కావాలి. ఎందుకంటే శవం ఎవరి దగ్గరుంటే వాడి మాట మిగతావాళ్ళు వినాలి. పరిగెత్తి పరిగెత్తి ఒక నాటకం స్టేజి మీద పడతారు. అక్కడ ద్రౌపదీ వస్త్రాపహరణం నడుస్తోంది. దారి లేక శవానికి చీర కట్టి ద్రౌపదిని చేస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. కథ ప్రకారం దుశ్శాసనుడు చీర లాగాలి. లాగితే లోపల కమిషనర్. అందుకని దుర్యోధనుడి వేషంలో ఉన్న వినోదే వస్త్రాపహరణం వద్దంటాడు, ఆ ఆలోచన మానుకున్నానని సభలో ప్రకటిస్తాడు. దుశ్శాసనుడికి మాత్రం తన పాత్ర తనకి కావాలి, లాగి తీరతానంటాడు. ఇంతలో భీముడి వేషంలో అహుజా ఊడిపడి, ద్రౌపది ఒక్కడి సొత్తు కాదు, అందరికీ వాటాలున్నాయని దబాయిస్తాడు. షేర్‌హోల్డర్ అనే మాట భీముడి నోట వింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుడ్డి ధృతరాష్ట్రుడు పాపం ఏం జరుగుతోందని అడుగుతూనే ఉంటాడు. ఎవడూ చెప్పడు. కాసేపటికి నాటకం ఎటో పోయి మొగలుల దర్బారులో తేలుతుంది, అక్బరూ సలీమూ దిగుతారు. కింద కూర్చున్న జనం ఇదంతా నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొడుతుంటారు.

పద్యానికి వన్స్‌మోర్ కొట్టి, రాగం సరిగ్గా తియ్యకపోతే కృష్ణుణ్ణే స్టేజి దింపేసే జనం మనది. పౌరాణిక నాటకాల్లో కర్టెన్ ఇరుక్కోవడం, కిరీటం జారడం, అర్జునుడు వరస మరిచిపోతే పక్కనుంచి ప్రాంప్టరు అరవడం, ఇవన్నీ ఎరిగినవాళ్ళం. కాబట్టి ఈ సీను మనకి ఇంకో మెట్టు ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది.

నవ్వు తగ్గాక ఇంకోటి తడుతుంది. నిండు సభలో పెద్దలంతా చూస్తుండగా జరిగే అన్యాయం అసలు కథ. ఇక్కడ ఆ చీర లోపల ఉన్నది ఊరి ఖజానా తాళాలు పట్టుకున్న ఆఫీసరు. లాగేవాళ్ళంతా వాటాదారులు. చప్పట్లు కొడుతున్నది టికెట్ కొన్న జనం.

దేవుళ్ళని ఎగతాళి చేసినట్టు కాదా?

నాకైతే అలా అనిపించలేదు. ఎగతాళి అయ్యింది స్టేజి మీదకి చొరబడ్డ బిల్డర్లు. నాటకం వాళ్ళు పాపం నిజాయితీగానే వేస్తున్నారు. మా నాయనమ్మ ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉండేది, ఈ సీనుకి ఆవిడ పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వింది.

పత్రికావాళ్ళని కూడా చెడ్డగా ఎందుకు చూపించారు?

ఈ ప్రశ్న పత్రికల్లో పనిచేసే మిత్రులే ఎక్కువ అడుగుతారు.

నిజానికి సినిమాకి పదును అక్కడే వచ్చింది. మామూలుగా ఇలాంటి కథల్లో ఒక నిజాయితీపరుడైన విలేకరి ఉంటాడు, ఆధారాలు అచ్చు వేయిస్తాడు, మనం ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ ఆధారాలు చేతికి రాగానే శోభ చేసే మొదటి పని వాటికి ధర కట్టడం. ఆవిడ అరవదు, తిట్టదు. నవ్వుతూ, కుర్రాళ్ళని మెచ్చుకుంటూ పని చేయించుకుంటుంది. భక్తి బర్వే ఆ తియ్యదనాన్ని ఎంత బాగా పట్టుకుందంటే, రెండోసారి చూసేటప్పుడు ఆవిడ మొదటి నవ్వుకే మనకి వెన్నులో చలి పుడుతుంది.

అనుపమ్ ఖేర్ కూడా ఉన్నాడట, ఎంత వెతికినా కనబడలేదు?

కనబడడు. డిస్కో కిల్లర్ అనే పాత్ర వేశారు, ఎడిటింగులో ఆ భాగం మొత్తం ఎగిరిపోయింది. వెతకడం ఆపి సినిమా చూడండి.

ముగింపు ఏంటి? (చూడనివాళ్ళు తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి)

అంతసేపు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న తర్నేజా, అహుజా, శోభ, కొత్తగా కుర్చీ ఎక్కిన ఆఫీసరు, అందరూ చివర్లో ఒక ఒప్పందానికి వస్తారు. ఎవరి వాటా వాళ్ళకి. కట్టిన వంతెన కూలిపోతుంది. దానికి బాధ్యులు ఎవరంటే ఆధారాలు పట్టుకుని తిరిగిన ఆ ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. చివరి దృశ్యంలో ఖైదీ బట్టలతో బొంబాయి వీధిలో నడుస్తూ, మన వైపు తిరిగి, గొంతు కోసినట్టు చేత్తో సైగ చేస్తారు. వెనక 'హమ్ హోంగే కామ్యాబ్' వినిపిస్తుంటుంది.

ఆ పాట మనందరం బళ్ళో పాడిందే. ఆగస్టు పదిహేనుకి తెల్ల చొక్కా, నీలం నిక్కరు, చేతిలో కాగితం జెండా, మైకు దగ్గర హిందీ మాస్టారు. గిరిజా కుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చిన పాట. సినిమా మొదట్లో కుర్రాళ్ళు కొత్త స్టూడియో తెరిచిన ఉత్సాహంలో అదే పాట వస్తుంది, అప్పుడు మనమూ కలిసి పాడతాం. చివర్లో వచ్చినప్పుడు గొంతు పెగలదు. పాటలో ఒక్క అక్షరం మారలేదు, ట్యూనూ మారలేదు.

కామెడీకి ఈ ముగింపు ఏంటని విసుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. నన్నడిగితే, ఆ ఇద్దరూ గెలిచి ఉంటే ఈ సినిమా గురించి ఇన్నేళ్ళకి మీరు అడిగేవారు కాదు, నేను రాసేవాణ్ణి కాదు. సినిమాలో పెద్ద దుర్మార్గం హత్య కాదు. ఆ రాజీ.

విడుదలైనప్పుడు ఆడిందా?

పెద్దగా ఆడలేదు. దూరదర్శన్‌లో వచ్చాక, తర్వాత వీడియో క్యాసెట్ల పుణ్యాన జనం నోళ్ళలో పడింది. దర్శకుడి తొలి చిత్రానికిచ్చే జాతీయ అవార్డు కుందన్ షాకి దక్కింది. రవి బాస్వానీకి ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. 2012 నవంబర్‌లో ప్రింటుని బాగుచేసి థియేటర్లలో మళ్ళీ విడుదల చేశారు. దొరికితే ఆ బాగుచేసిన ప్రింటే చూడండి. పాత క్యాసెట్టు కాపీల్లో రాత్రి సీన్లలో శవమూ కనబడదు, మోసేవాళ్ళూ కనబడరు.

కుందన్ షా తర్వాత ఏం తీశారు?

టీవీలో 'యే జో హై జిందగీ', 'నుక్కడ్', 'వాగ్లే కీ దునియా' వంటి ధారావాహికలకి పనిచేశారు. ఆదివారాలు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు చాపలేసుకుని కూర్చున్న తరానికి ఇవి చెప్పక్కర్లేదు. సినిమాల్లో షారుఖ్ ఖాన్‌తో 1994లో వచ్చిన 'కభీ హాఁ కభీ నా' బాగా పేరు తెచ్చింది. 2015 నవంబర్‌లో, దేశంలో పెరుగుతున్న అసహనానికి నిరసనగా అవార్డులు తిరిగిచ్చిన సినిమావాళ్ళలో ఈయనా ఉన్నారు. ఈ సినిమాకొచ్చిన జాతీయ అవార్డునే వెనక్కిచ్చేశారు. 2017 అక్టోబర్‌లో పోయారు.

ఇందులో లోపాలేమీ లేవా?

ఎందుకు లేవు? మొదటి అరగంట బండి నెమ్మదిగా కదులుతుంది. ఓపిక పట్టండి. కొన్నిచోట్ల మాట ఒకటి, పెదవి ఇంకోటి. మధ్యలో కొన్ని సీన్లు ఒకదానికొకటి అతకవు, కుట్టు వదిలేసిన చొక్కాలా ఉంటాయి. నీనా గుప్తా లాంటి నటికి సరైన పని ఇవ్వలేదు. బాంబు ఆటలాంటి తిక్క కామెడీ కొందరికి పిల్లచేష్టలా అనిపిస్తుంది. నాకూ ఒకటి రెండుచోట్ల అనిపించింది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

నిక్షేపంగా. రక్తం లేదు, బూతు లేదు. ఒక శవం ఉంది కానీ భయపెట్టదు. చివరి సైగ గురించి మాత్రం పిల్లలు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి. మా అబ్బాయి "వాళ్ళేం తప్పు చేశారని?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను.

తెలుగులో ఇలాంటి సినిమా ఎందుకు రాలేదు?

రాజకీయాల మీద వ్యంగ్యం మనకి కొత్త కాదు. అదే 1983లో దాసరి 'ఎమ్మెల్యే ఏడుకొండలు' తీశారు. 1987లో కోట శ్రీనివాసరావు వేసిన 'మండలాధీశుడు' ఎంత గొడవ రేపిందో పెద్దవాళ్ళని అడగండి. ఈ మధ్య తమిళ 'మండేలా'ని 2023లో సంపూర్ణేష్ బాబుతో 'మార్టిన్ లూథర్ కింగ్'గా తెలుగులో తీశారు.

తేడా ఎక్కడంటే, మన దగ్గర వ్యంగ్యం ఎక్కువగా ఒక మనిషి మీద ఉంటుంది. ఆ నాయకుడి నడక, యాస, కండువా. మంత్రి కామెడీ చేస్తాడు, పీయే తన్నులు తింటాడు, క్లైమాక్సులో హీరో వచ్చి మైకు లాక్కుని నాలుగు పేజీలు దంచుతాడు, జనం కళ్ళు తుడుచుకుంటారు. కుందన్ షా సినిమాలో మైకు లాక్కునేవాడే లేడు. తప్పు ఒకడి మీదకి నెట్టే వీలు లేకుండా అందర్నీ ఒకే తాడుతో కట్టేశాడు. అలాంటి కథ పట్టుకుని మన నిర్మాత దగ్గరకి వెళ్తే "హీరో ఎవరండీ?" అంటాడు. శవం అని చెబితే కాఫీ కూడా ఇవ్వడు.

శవం ఎక్కడైనా కళ్ళు ఆర్పిందా?

మా ఇంట్లో దీని మీద ఇప్పటికీ పందెం నడుస్తోంది. ఓడినవాళ్ళు టీ పెట్టాలి. మహాభారతం సీనులో చీర సర్దేటప్పుడు ఒకసారి రెప్ప కదిలిందని నేనంటాను. మా ఆవిడ కాదంటుంది, అది లైటు నీడట. వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాం. నాలుగుసార్లూ అసలు చూడాల్సిన చోటికి వచ్చేసరికి ధృతరాష్ట్రుణ్ణి చూసి నవ్వడంలో పడి రెప్ప సంగతి మరిచిపోయాం. పోయిన ఆదివారం టీ నేనే పెట్టాను.